మిరపచేలో తొమ్మిదో భాగం

మిరప కోతకు మనుషుల్ని పిలిచేటప్పుడు రైతుకు ఎదురయ్యే ప్రశ్నలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. మా నాన్న రోజుల్లో చేలో తాగే నీళ్లు మంచివేనా అని అడిగేవాళ్లు. తర్వాత ఆటో పంపిస్తావా అన్నారు. ఆ తర్వాత రెండు పూటలా టీ ఉంటుందా అన్నారు. ఇప్పుడు మీ చేలో సిగ్నల్ ఉంటుందా అని అడుగుతున్నారు.

నేను పనిలో ఉన్న రోజుల్లో అయితే దీన్ని నాలుగు పేరాల వార్త చేసి జిల్లా పేజీలో కింద ఒక మూలన పెట్టేవాణ్ణి. నరసరావుపేటలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా, తర్వాత డెస్కులో పనిచేసి రిటైరై, అక్కడే ఉంటున్నాను. పెద్ద వార్తల కంటే ఇలాంటి చిన్న వార్తలంటేనే నాకు ఇష్టం. ఇది మాత్రం మా ఇంట్లో పుట్టిన వార్త కాబట్టి వెంటనే రాయబుద్ధి కాలేదు. కాయ ఎండి, బస్తాలకెక్కి, మిరప యార్డు దాటి, అందరం ఊపిరి పీల్చుకున్నాక రాస్తున్నాను.

మా అన్నావదినల మిరపచేను బొల్లాపల్లి దాటాక కొండ వారగా ఉంటుంది. చిన్న ముక్క. బోరు నీళ్లే దిక్కు. బోరు షెడ్డు పక్కన ఒక బండరాయి ఉంది. దాని మీదెక్కి ముఖం వినుకొండ వైపు తిప్పితే ఫోనులో ఒక గీత సిగ్నల్ వస్తుంది. దిగితే పోతుంది. ఈ ఏడు అన్నకు నడుము ఆపరేషన్ అయింది. వంగొద్దు, బరువెత్తొద్దు అన్నారు డాక్టర్లు. నారు పోసిన దగ్గర్నుంచి మందు కొట్టించేదాకా అన్నీ వదినే చూసుకుంది. అన్న మంచం మీద కూర్చుని సలహాలు చెప్పేవాడు, ఆమె వినకుండా తన పని తాను చేసుకునేది. రెండో కోత నాటికి చేను ఎర్రగా నిండిపోయింది. ఆ కొండ కింద అంత కాపు నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

అలాంటి సమయంలో ఒక మధ్యాహ్నం వదిన ఫోను చేసింది. గొంతు తెగి తెగి వస్తోంది, అంటే బండ మీద నిలబడి ఉందన్నమాట.

"అబ్బాయ్, నీకు ఫోన్లో వీడియోలు దింపటం వచ్చా?"

"ఏం వీడియోలు వదినా?"

"కథలంట. ఏందో కోడళ్ల కథ. అది లేకపోతే రేపు కోతకి రామంటన్నారు. నువ్వు నవ్వావంటే ఫోను పెట్టేస్తా, చెప్తన్నా."

నేను నవ్వలేదు. ఆమె గొంతు నవ్వే మనిషి గొంతులా లేదు.

కోతకు దిగింది మాచర్ల అవతలి పల్లెల నుంచి ఏటా సీజనుకు వచ్చే ఆడవాళ్ల ముఠా. పాతిక మంది దాకా ఉంటారు. వాళ్లను నడిపే మేస్త్రి కూడా ఆడమనిషే. అందరూ మేస్త్రమ్మ అంటారు. మా అన్నావాళ్ల ఊళ్లో ఒక రేకుల షెడ్డులో బస. అంతకుముందు వాళ్లు ముప్పాళ్ళ వైపు చేలల్లో కోశారు. అక్కడ సిగ్నల్‌కు కొదవ లేదు. అక్కడి రైతు తన ఫోనును సౌండు డబ్బాకు తగిలించి, ఎవరో ఒకావిడ ఇంటర్నెట్‌లో భాగాలు భాగాలుగా చదివి వినిపించే నవల పెట్టాడు. అందులో ఒక అత్త, ముగ్గురు కోడళ్లు. అత్తగారి కాసులపేరు కనిపించకుండా పోతుంది. నింద చిన్నకోడలి మీద పడుతుంది. ఎనిమిదో భాగం చివర చిన్నకోడలు పెట్టె పట్టుకుని బస్టాపులో నిలబడి ఉంది, అత్త ఆయాసపడుతూ వెనకాల వస్తోంది. సరిగ్గా అక్కడ ముప్పాళ్ళలో వాళ్లు ఒప్పుకున్న కోత అయిపోయింది.

ముఠాలో కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఒకతె ఉంది. మిగతా భాగాలన్నీ ఫోనులో 'సేవ్' కొట్టుకుని తెచ్చాననడంతో అందరూ ధీమాగా మా చేలో దిగారు. తీరా నొక్కితే తెర మీద గుండ్రటి గీత తిరుగుతూ ఉండిపోయింది. ఆ సేవ్ అనేది వీడియోను ఫోనులోకి తెచ్చిపెట్టదు. తర్వాత చూద్దామని పేరు రాసిపెట్టుకోవడం లాంటిది అంతే. చీటీ జేబులో ఉంటుంది, పప్పు కొట్లోనే ఉంటుంది. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు. నిజానికి ఆ రోజు వరకు నాకూ తెలియదు.

ఇక పని సాగలేదట. చేతులు కాయ మీద, మనసు బస్టాపులో. మధ్యాహ్నానికి కొయ్యాల్సిన దాంట్లో సగం కూడా కొయ్యలేదు. అన్నం దగ్గర మేస్త్రమ్మ ఉన్నమాట చెప్పేసింది. "అక్కా, మావోళ్ల చేతులు ఆడట్లా. ముప్పాళ్ళ ఆయన మిగతా చేను కొయ్యటానికి మళ్లీ రమ్మని కబురు పెడతన్నాడు. రేపటికి ఏదో ఒకటి చూడు, లేదంటే నేను ఆపలేను."

దానికి తోడు ఆకాశం మసకేసింది. పండిన కాయ కోసి పట్టా కింద కుప్ప పోస్తే ఒకటి రెండు రోజులు వాన పడినా బతుకుతుంది. మొక్క మీదే తడిస్తే మచ్చ పడుతుంది, తెల్లబారుతుంది, తాలు అవుతుంది. వదిన ఒక్కతే ఒంటి చేత్తో పెంచిన కాపు, నోటిదాకా వచ్చాక తాలు కింద పోయేలా ఉంది.

"ఇంకో ముఠా దొరకదా?" అన్నాను.

"ఏడ దొరుకుతారు? అందరి చేలూ ఒక్కసారే పండినయ్. మరిదిగారూ, తమరు దింపుతారా, దింపరా?"

వదిన నన్ను మరిదిగారూ అన్నదంటే ఓపిక అయిపోయిందని అర్థం. దింపుతానని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నానే గానీ అప్పటిదాకా నాకు వీడియోలు చూడటమే తెలుసు. వదిన చెప్పిన ఆనవాళ్లతో వెతికితే ఆ ఛానల్ తేలిగ్గానే దొరికింది. యాప్‌లోనే డౌన్‌లోడ్ గుర్తు ఉంది. నొక్కితే ఫోనులో చోటు లేదంది. రిటైరైన వాళ్లందరి ఫోన్లలాగే నాదీ శుభోదయాలతో నిండిపోయింది. పైగా యాప్ దాచుకున్నది యాప్‌లోనే చూడాలట, బయటికి తీయనివ్వదు. వదిన వాళ్ల డబ్బా చూస్తే పాతది. ఫోనుకు తగిలించే తీగ ఎప్పుడో తెగిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టే కంత ఒక్కటే పనిచేస్తుంది.

లింకు ఇస్తే ఆడియో తీసి చేతిలో పెట్టే వెబ్‌సైట్లు ఉంటాయని విన్నాను. ఎందుకో చెయ్యి రాలేదు. ఒకరి ఫొటో వెయ్యాలంటే అడిగి, కింద పేరు పెట్టి వేసిన అలవాటు పోదు. ఛానల్ కింద ఈమెయిల్ కనిపిస్తే రాశాను. మా వదిన చేను ఫలానా చోట, అక్కడ సిగ్నల్ రాదు, కోతకు వచ్చిన వాళ్లు మీ తొమ్మిదో భాగం దగ్గర ఆగిపోయారు, వాన వచ్చేలా ఉంది అని వార్త రాసినట్టే రాశాను.

పొద్దు గుంకకముందే జవాబొచ్చింది. "మిరపకాయలు కోస్తూ నా కథ వింటున్నారా? కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుకుంటూ చదువుతాను. ఎవరు వింటున్నారో నాకు ఎప్పుడూ తెలియలేదు. తప్పకుండా వినిపించండి. మొదట్లో నా ఛానల్ పేరు చెప్పే ముక్క మాత్రం కోసేయకండి." కింద ఇరవై రెండు భాగాల ఆడియో ఉన్న లింకు. ఆ నాలుగు మాటలూ చదివాక మొదటిసారి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మా వీధి చివర సెల్‌ఫోన్ కొట్టు భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన లింకు తెరిచి కంప్యూటర్‌లోకి దింపుతూ తల ఊపాడు.

"ఆడియోనే పంపించారు, మంచిదైంది సార్. చేలో బొమ్మ చూస్తా కూర్చుంటే కాయ కోసేదెవరు?"

"ఇలాంటి పనులు ఇంకా వస్తున్నాయా భాయ్?"

"ఒకప్పుడు మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోటానికి ఇక్కడ లైను కట్టేవోళ్లు. నెట్టు చౌకయినాక ఒక్కడూ రాలా. మళ్లా ఈ మధ్య మిరప సీజన్లో కొండ పక్క ఊళ్లోళ్లు వస్తన్నారు. కొండ ఉన్నంతకాలం నా కొట్టుకి ఢోకా లేదు."

అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మొదటిది వినిపించి చూపించాడు. గొంతు స్పష్టంగా ఉంది. ఇద్దరం తృప్తిపడ్డాం. మొదటిది బాగుంటే మిగతావీ బాగున్నట్టే అనుకున్నాం.

మర్నాడు తొలి బస్సుకు వినుకొండ వెళ్లి, అక్కణ్ణుంచి ఆటోలో చేలోకి చేరేసరికి ముఠా గట్టు మీద కూర్చుని ఉంది. ఇంకా ఎవరూ సాళ్లలోకి దిగలేదు. వదిన నా వైపు చూడలేదు, నా చేతి సంచి వైపు చూసింది.

"తెచ్చావా?"

"తెచ్చా."

"అన్నం తిన్నావా?" అని ఆ తర్వాత అడిగింది.

పెన్‌డ్రైవ్ తీసి మేస్త్రమ్మ చేతిలో పెట్టాను. చీరల మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కాలు తొడుక్కుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకున్న ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"ఇంత ముక్కలో కథంతా ఉందా?" అంది ఒకామె.

"అత్తా, ముగ్గురు కోడళ్లూ ఇంత దాంట్లో ఇమిడారంటే చానా సర్దుకుపోయే కొంపే గదే," అంది అందరిలోకీ పెద్దావిడ. నవ్వులతో మునుం పట్టారు. అంటే ఎవరి సాళ్లు వాళ్లు పంచుకుని వరసగా నిలబడ్డారు.

ఆ డబ్బాతో కోత ఎలా నడుస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. మేస్త్రమ్మ ఒక ప్లాస్టిక్ స్టూలు మీద డబ్బా పెట్టి, దాన్ని మునుం కంటే పది మొక్కలు ముందు ఉంచుతుంది. వెనకబడిన వాళ్లకు మాటలు సరిగ్గా వినపడవు. వినపడాలంటే చేతులు జోరు చేసి ముందుకు రావాలి. అందరూ దగ్గరికి రాగానే డబ్బా మరో పది మొక్కలు ముందుకు జరుగుతుంది. ఎవరినీ కసరక్కర్లేదు, పేరు పెట్టి పిలవక్కర్లేదు. ఆ రోజు డబ్బా జరిపే పని నాకు అప్పగించారు.

"పేపరు బాబాయ్, నేను చెయ్యెత్తితేనే జరపాలి. నీ ఇష్టం వచ్చినట్టు జరపమాకు," అంది మేస్త్రమ్మ. సరే అన్నాను.

ఒకటో భాగం మొదలైంది. విన్నదే గదా అని గొణిగారు. ముందుకు జరిపే మీట చూస్తే లోపలికి దిగబడిపోయి ఉంది. ఆపి మళ్లీ పెడితే ఆ డబ్బా మొదటి నుంచే మొదలెడుతుందని వదిన చెప్పింది.

"పోనీలేవే, చిన్నకోడలి పెళ్లి ఇంకోసారి చూసినట్టుండిద్ది," అని మేస్త్రమ్మ సర్దిచెప్పింది.

ఒకటో భాగం అయిపోయింది. ఛానల్ పేరు చెప్పి ఆవిడ గొంతు సవరించుకుంది. "పదో భాగం. అత్తగారి ఫొటోకు వేసిన దండ అప్పటికే వాడిపోయింది. పెద్దకర్మకు వచ్చిన బంధువులు..."

పాతిక తలలు ఒక్కసారిగా మొక్కల పైకి లేచాయి.

"అత్త పోయిందా!"

"ఎప్పుడు పోయిందే? మొన్న బస్టాపు కాడ నిలబడుండె గదా!"

"పేపరు బాబాయ్, తొమ్మిదో భాగం ఏదీ? బస్సులో తిన్నావా ఏంది?"

పత్రికలో మొదటి పేజీ వార్త కింద 'మిగతా ఏడో పేజీలో' అని వేసి, ఏడో పేజీలో ఆ మిగతా పెట్టని రోజులు ఉంటాయి. ఆ ఉదయం ఆఫీసులో ఫోను ఆగకుండా మోగుతుంది. ఫోను చేసే పాఠకుడు ఎక్కడో తన ఊళ్లో ఉంటాడు కాబట్టి సరిపోతుంది. ఇక్కడ పాతిక మంది ఎదురుగా, చేతుల నిండా పచ్చి కారంతో నిలబడి ఉన్నారు. గట్టు మీద వదిన ముఖం చూడటానికి భయమేసింది.

మేస్త్రమ్మ మాత్రం చెయ్యెత్తింది. నేను డబ్బా జరిపాను.

అప్పుడు నేను ఊహించనిది జరిగింది. ఎవరూ వెళ్లిపోలేదు. తిట్టుకుంటూనే వింటున్నారు, వింటూనే కోస్తున్నారు. పదకొండు వచ్చింది, పన్నెండు వచ్చింది. కథలో అత్త లేని ఇంట్లో అందరూ చిన్నకోడల్ని దొంగ అంటున్నారు. ఆమె నోరు విప్పదు. ఎందుకు విప్పదో ఆ తొమ్మిదో భాగంలో ఉంది, ఆ తొమ్మిదో భాగం మా దగ్గర లేదు.

"నోట్లో నాలుక లేదా దానికి? తియ్యలేదని చెప్పొచ్చు గదా!" అని పెద్దావిడ కోపంతో కాయల్ని ఒడిలోకి విసురుతోంది.

"తీసిందేమోనే."

"నీ మొహం. తీసిన మనిషి అంట్లు తోముకుంటా పడుంటదా? ఎప్పుడో అమ్ముకుని పొయ్యేది."

"అత్తే ఇచ్చిందేమో?"

"ఇస్తే ఇచ్చిందని చెప్పదా?"

వాదన పెరిగే కొద్దీ అందరూ డబ్బాకు దగ్గరగా వస్తున్నారు. నేను మాటిమాటికీ స్టూలు జరపాల్సి వస్తోంది. అన్నం వేళకు డబ్బాను వేప నీడకు మోసుకెళ్లాను, ఆపితే మొదటికొస్తుందని ఆపకుండానే. మామిడికాయ పప్పు కలుపుకుంటూ చిన్నకోడలి మీద తీర్పులు చెప్పారు.

భోజనాలయి మళ్లీ సాళ్లలోకి దిగిన కాసేపటికి పంతొమ్మిదో భాగం ముగిసింది. తర్వాత ఛానల్ పేరు, ఆవిడ గొంతు సవరింపు. "రెండో భాగం. 'చారులో ఉప్పేదీ?' అని అత్తగారు వంటింట్లోంచి కేకేసింది."

కొత్త పెళ్లికూతురు అరిచింది. "ఓయమ్మో, పెద్దకర్మ కూడా చేసినాక లేచొచ్చి ఉప్పు లేదంటందే!"

"అత్తలు అంతేలేవే, చచ్చినా చారు సంగతి వదిలిపెట్టరు," అంది పెద్దావిడ. మొక్కలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో నాకు విషయం అర్థమైంది.

ఆ డబ్బాకు అంకెల విలువ తెలియదు. వాటిని అక్షరాల్లా చూస్తుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ ఒక గుంపు, రెండుతో మొదలయ్యేవన్నీ ఇంకో గుంపు. ఒకటి తర్వాత పది, పదకొండు, అలా పంతొమ్మిది దాకా వెళ్లి, అప్పుడు రెండు. రెండు తర్వాత ఇరవై. ఆ లెక్కన మూడు, నాలుగు, ఐదు అన్నీ వస్తాయి. తొమ్మిది కూడా వస్తుంది. అన్నిటికంటే ఆఖరున వస్తుంది.

మేస్త్రమ్మ దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాను. "తొమ్మిది ఉందమ్మా. కానీ చిట్టచివర వస్తుంది. వినుకొండ వెళ్లి ఏదైనా కొట్లో వరస సరిచేయించుకొస్తా."

ఆమె ఆకాశం వైపు చూసింది. మిగిలిన సాళ్ల వైపు చూసింది. తన మనుషుల వైపు చూసింది. "కూర్చో బాబాయ్. నువ్వు పోయొచ్చేలోగా వానొచ్చిద్ది. ఎవురికీ ఏం చెప్పమాకు, నేను చెప్తా."

నడుం మీద చేతులు పెట్టుకుని గొంతెత్తింది. "ఒసే, ఇనండి. మీ తొమ్మిది ఉందంట. ఆఖరున వచ్చిద్దంట. ఇయ్యాల ఇంటే ఇయ్యాల. మధ్యలో ఆపితే మళ్లా మొదట్నుంచి, రేపు పొద్దున్నే పెద్దకర్మ దగ్గర్నుంచి ఏడవాల. మీ ఇష్టం."

"ఆఖరున అంటే పొద్దుగూకిద్దా?" అంది ఒకామె. మామూలుగా వాళ్లు పొద్దు బాగా వాలకముందే ఆపేస్తారు.

"గూకితే గూకింది. చీకట్లో కోసిన కాయకి కారం ఉండదా?" అంది పెద్దావిడ. దాంతో తేలిపోయింది.

ఆ మధ్యాహ్నం కోత నేను మరిచిపోలేను. మబ్బు కొండ వెనక నుంచి లేస్తోంది. చేను పక్కనే కాయ ఎండబెట్టే కల్లం దగ్గర అన్న మంచం మీద నిటారుగా కూర్చుని, వంగలేని కోపమంతా మబ్బు మీద చూపిస్తూ కేకలేస్తున్నాడు. "ఇంకా కొండ అవతలే ఉంది! కానీండి! గాలి ఇటు తిరిగింది!" వదిన నిలబడిన చోట నిలబడటం లేదు. ఇటు నిండిన గోతాల మూతులు కట్టించడం, అటు కల్లంలో తొలి కోత కాయ మీద పట్టాలు కప్పించడం. కథలో ఏం జరుగుతోందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. డబ్బా పక్కనుంచి వెళ్లినప్పుడల్లా, "ఇంకా ఎన్ని సాళ్లు?" అని నన్ను అడుగుతోంది. నేను ఇంకా ఎన్ని భాగాలో లెక్కపెట్టుకుంటున్నాను.

ఇరవై రెండో భాగంలో కథ ముగిసింది. అందులో కూడా చిన్నకోడలు నోరు విప్పలేదు. "ఇదెక్కడి మొండి ఘటమే!" అని తిట్టి, మూడో భాగం వినడానికి సిద్ధమయ్యారు. అప్పటికే విన్న భాగాలు కాబట్టి మాటల్ని కథ కంటే ముందే అందుకుంటున్నారు. అత్తగారు ఏమంటుందో పెద్దావిడ ముందుగా అనేస్తుంటే, డబ్బా ఆమె వెనకాల అప్పజెప్పినట్టుంది.

ఎనిమిదో భాగం నడుస్తుండగా డబ్బా మీద పచ్చ దీపం ఎర్రగా మారింది. చార్జింగ్ అయిపోతోంది. కరెంటున్న బోరు షెడ్డు చేనుకు అవతలి కొసన ఉంది. చార్జరేమో ఊళ్లో ఇంట్లో ఉంది. నేను చెయ్యి పైకెత్తి మేస్త్రమ్మను పిలిచేలోగా కొత్త పెళ్లికూతురు చూసేసింది. ఒడిలో కాయలు గోతంలో కుమ్మరించి, గట్టు మీది తన సంచిలోంచి పవర్‌బ్యాంకు పట్టుకొచ్చింది. ఆ సాయంత్రం బండ మీదెక్కి భర్తతో మాట్లాడటానికి దాన్ని దాచుకుందని అందరికీ తెలుసు.

"మీ ఆయన ఎదురు చూస్తాడేమోనే," అంది ఒకామె.

"చూడనీ. ఆయన రేపు కూడా ఉంటాడు, అత్త ఉండదుగా," అంటూ తీగ తగిలించింది. ఎర్ర దీపం మినుకుమినుకుమని నిలబడింది.

మేస్త్రమ్మ చెయ్యెత్తింది. చివరి సాళ్ల కొస వరకు స్టూలు మోసుకెళ్లి పెట్టాను. ఇంక ముందుకు జరపడానికి చేను లేదు.

"తొమ్మిదో భాగం," అంది డబ్బా.

కాయ తుంచిన చప్పుడు ఒక్కటే. బస్టాపులో అత్త చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. కాసులపేరు ఎవరూ తియ్యలేదని చెప్పింది. తనే దాచింది, ఎక్కడ దాచిందో మరిచిపోయింది. ఈ మధ్య పొయ్యి మీద పాలు మరిచిపోతోంది, మనుమల పేర్లు మరిచిపోతోంది. అది ఇంట్లో తెలిస్తే తాళంచెవులు లాగేసుకుంటారని భయం. "నేను ఉన్నన్నాళ్లు ఎవరికీ చెప్పకు, పోయాక కూడా నన్ను పిచ్చిదని అనుకోనివ్వకు," అని బతిమాలింది. కోడలు పెట్టె పట్టుకుని ఆమెతో వెనక్కి వచ్చింది. ఆ తెల్లవారే అత్త నిద్రలో పోయింది.

ముందు పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది. తర్వాత ఇంకొకామె. రోజంతా చిన్నకోడల్ని తిట్టిన నోళ్లు అవి. అందరి చేతులూ కారం, కళ్లు తుడుచుకునే వీలు లేదు. భుజాలు పైకెత్తి చొక్కా చేతులకు కళ్లు అద్దుకుంటూ కోస్తున్నారు. పాతిక మంది అలా భుజానికి ముఖం ఆనించి, చేతులు మాత్రం ఆపకుండా ఉండటం నేను ఎక్కడా చూడలేదు. ఆ భాగం అయిపోయేసరికి చివరి మొక్కల దగ్గర నలుగురు మిగిలారు. కాసేపటికి అదీ అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే చేను పచ్చగా ఉంది, ఎరుపు లేదు.

ఆ తర్వాత అంతా పరుగు. గోతాలు కల్లం చేరాయి, కాయ కుప్ప పోశారు, పట్టా కప్పారు, అంచుల మీద రాళ్లు పెట్టారు. అన్న లేచి రాయి అందుకోబోతే వదిన ఒక్క చూపు చూసింది, కూర్చున్నాడు. ముఠా ఆటో ఎక్కుతుండగా తొలి చినుకులు పడ్డాయి.

మేస్త్రమ్మ నా దగ్గరికొచ్చింది. "బాబాయ్, పొద్దున పోయేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ నేను తీసుకెళ్తా. క్రోసూరు వైపు పోతన్నాం. అక్కడ వేరే ముఠా కూడా కలిసిద్ది, వాళ్లు ఈ కథ ఇనలా."

"ఆవిడను ఒక మాట అడిగి ఇస్తానమ్మా. వరస కూడా సరిచేయించి పంపిస్తా."

"అడుగు అడుగు. వరస జోలికి మాత్రం పోమాకు. సరిగ్గా పెడితే తొమ్మిది అన్నం వేళకే అయిపోయిద్ది. సాయంత్రం దాకా వాళ్లని ఎవురు నిలబెడతారు?" అని ఆటో ఎక్కేసింది.

వాన ఉన్నట్టుండి పెరిగింది. కల్లం పక్కన రేకుల పంచలో అన్న, వదిన, నేను. ఎదురుగా పట్టాల మీద వాన దబదబా పడుతోంది. ఆ చప్పుడు పొద్దున అయితే మాకు భయం, ఇప్పుడు హాయిగా వింటున్నాం. వదిన ఖాళీ గోతాల దొంతరకు జారగిలబడి కాళ్లు చాపింది. ఆ రోజంతా ఆమె కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

"ఇంతకీ ఆ అత్త ఎట్టా పోయింది?" అంది.

"చెప్పనా, వింటావా?"

"నువ్వు చెప్తే వార్తలు చదివినట్టుండిద్ది. ఆ డబ్బానే పెట్టు. మొదట్నుంచి ఇంటా."

పెట్టాను. ఛానల్ పేరు, గొంతు సవరింపు, ఒకటో భాగం. ముగ్గురు కోడళ్లున్న ఆ ఇంటి వాకిట్లో ఎవరో ముగ్గు వేస్తున్నారు. వదిన సౌండు పెంచమని సైగ చేసింది. పెంచాను. అత్తగారు ఇంకా కథలోకి రాకముందే ఆమె తల పక్కకు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది.

అన్న డబ్బా ఆపబోయాడు. వద్దని చెయ్యి పట్టుకుని, సౌండు మాత్రం తగ్గించాను. వాన చప్పుడు కింద ఒకటో భాగం ముగిసి పదోది మొదలైంది. అత్తగారి ఫొటోకు వేసిన దండ మళ్లీ వాడిపోయింది.

"అదేందిరా, అప్పుడే పోయిందా?" అన్నాడు అన్న గుసగుసగా.

"తొమ్మిది రానీ," అన్నాను.